పడవ ఇంజను మూత

మా ఊళ్ళో పడవను కళ్ళతో చూసినవాళ్ళు ఎవరూ లేరు. పులివెందులకూ చక్రాయపేటకూ నడుమ మెట్ట నేలలు మావి. పాపాఘ్నికి నీళ్ళొస్తే పంచె ఎగ్గట్టి దాటడమే గానీ, పడవ తేలేంత నీరు ఆ ఏట్లో నిలిచింది లేదు. అలాంటి ఊరికి మా అన్న పడవ ఇంజనును తెచ్చాడు. కర్నూలుకు వచ్చిన రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయిన కొత్తల్లో సంగతి. ఎక్కడో కోస్తా రేవులో తిరిగిన పడవ చివికిపోతే దాని ఇంజనును ఊడదీసి అమ్మారట. అది చేతులు మారి మారి ప్రొద్దుటూరు చేరి, అక్కడ మా అన్న కంట్లో పడింది. బండి మీద దాన్ని తెచ్చిన రోజున ఊరు ఊరంతా మా వాకిట్లోనే ఉంది.

నల్లటి ఇనుప దిమ్మ. పైన క్రూడాయిలు పోసే తొట్టి. ఆ తొట్టికి ఇత్తడి మూత. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుందని పడవలవాళ్ళు ఇత్తడి వాడతారని అన్న చెప్పాడు. అంత నల్లటి వస్తువు మీద తళతళలాడేది ఆ మూత ఒక్కటే. అందుకని దాన్ని తోట బావిలో బిగించాక మా వదిన మొదటి శుక్రవారమే అక్కడికి దిగి, ఆ మూతకు నిండుగా పసుపు మెత్తి, కుంకుమ బొట్లు పెట్టి, టెంకాయ కొట్టింది. ఆ తర్వాత ఏ శుక్రవారమూ తప్పలేదు. గడపకు పసుపు, పొయ్యికి పసుపు, ఇంజనుకు పసుపు. ఆ పని ముత్తైదువది. నాది కాదు.

నా సంగతి చెప్పాలి. మా అత్తగారి ఊరు చాపాడు పక్కన. పెళ్ళయిన నాలుగో ఏడు మా ఆయన పాముకాటుకు పోయాడు. పిల్లలు లేరు. అమ్మానాన్నా అప్పటికే లేరు కనుక పుట్టిల్లంటే అన్న ఇల్లే. ఒక్క మాట అనకుండా నన్ను తెచ్చుకుని పెట్టుకున్నాడని ఊరు మా అన్నను మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. ఎవరైనా ప్రయాణం కడితే నేను వెనక కొట్టంలోకి తప్పుకోవాలి. పేరంటాలకు పిలుపు ఉండదు. పాలు పొంగించేటప్పుడు ఆ దాపుల్లో ఉండకూడదు. ఇవన్నీ ఎవరూ నాకు నేర్పలేదు, ముఖాలు చూసి నేర్చుకున్నాను.

నాకంటూ మిగిలింది ఒక్కటే, మధ్యాహ్నం తోటకు సంగటి గంప మోసుకుపోవడం. ఇంటి నుంచి తోట దాకా ఆ నడకలో నన్ను పలకరించేవాళ్ళూ లేరు, చూసి పక్కకు తిరిగేవాళ్ళూ లేరు. తోటలో చీనీ మొక్కలు, అంటే బత్తాయి మొక్కలు ఉండేవి. అన్న గుంతలు తవ్వితే నేను నాటినవి. బావికి అప్పుడింకా కపిల ఉండేది. ఎద్దులు తోలు బక్కెన లాగినప్పుడు పారిన నీళ్ళు చివరి సాళ్ళకు అందేవి కావు. ఆ సాళ్ళకు మొదటి ఏడంతా కడవలతో నీళ్ళు మోసింది నేనే. ఏ మొక్క ఎప్పుడు చిగురేసిందో నాకు తెలుసు. ఇంట్లో నేను ఒక అశుభాన్ని, తోటలో మాత్రం మనిషిని. కాబట్టి ఈ కథలో పోయేదీ మిగిలేదీ ఆ తోట దారే.

ఇంజను రాగానే అన్న కపిల విప్పేసి ఎద్దులను అమ్మేశాడు. బావిలో సగం దిగాక రాతి దిమ్మె కట్టించి దాని మీద ఇంజను బిగించాడు. హ్యాండిలు తిప్పితే బావంతా దద్దరిల్లేది. చివరి సాళ్ళకు కూడా నీళ్ళు పారాయి. నేను నా కడవను బోర్లించి పెట్టాను. ఆ సంతోషం మూడు నాలుగు వారాలు నిలిచింది.

తర్వాత ఇంజను ఆగడం మొదలుపెట్టింది. పొద్దున బాగానే పట్టుకునేది. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి దాని గొంతు మారేది. దమ్ము రోగిలాగా ఎగ లాగి, ఎగ లాగి, ఆగిపోయేది. అన్న మూత తీసి చూసేవాడు. తొట్టిలో క్రూడాయిలు సగానికి పైనే ఉండేది. మూత పెట్టి, గొట్టం మర విప్పి గాలి తీసి, హ్యాండిలు తిప్పితే మళ్ళీ ఆడేది. పొద్దుగూకే వేళకు మళ్ళీ అదే వరస.

నూనెలో నలుసులున్నాయేమోనని అన్న పాత పంచె నాలుగు మడతలు వేసి వడగట్టాడు. నీళ్ళు కలిశాయేమోనని డబ్బా మార్చాడు. గొట్టాన్ని విప్పి ఊదాడు, కొత్త గొట్టం వేశాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు తలా ఒక మాట చెప్పారు. ఒకాయన బావిలో పొగ నిలిచి ఇంజనుకు ఊపిరాడడం లేదన్నాడు. పొగగొట్టం పైదాకా పెంచారు. ఇంకొకాయన ఇది ఉప్పునీళ్ళకు అలవాటు పడిన ఇంజను, మా చప్పనీళ్ళు దానికి పడవన్నాడు. ఆయన మాట విని ఇంజనును చల్లార్చే నీళ్ళ తొట్టిలో ఉప్పు కూడా కలిపారంటే మా వాళ్ళ తెలివి చూడండి. ఎంత మంది ఎన్ని చెప్పినా ఇంజను వేళకు ఆగుతూనే ఉంది.

చివరికి అన్న తొట్టీ గిట్టీ బావిలోనే వదిలి, ఇంజనును మాత్రం బండికెత్తి ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. అక్కడ ఒక సాయిబు మేస్త్రి దాన్ని విప్పి, కడిగి, మళ్ళీ బిగించి, తన తొట్టి తగిలించి పగలంతా ఆడించాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఇంజను బంగారట్ల ఉందప్పా" అన్నాడట మేస్త్రి. "ఏంది ఉన్నా నీ తావులోనే ఉండల్ల. పోయి చూస్కో."

ఆ మాటను మా అన్న ఊరికి మోసుకొచ్చాడు. తావులో ఏముందో చూడమంటే మావాళ్ళు ఎవరున్నారో చూశారు. వదినకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆమెను కాన్పుకు తీసుకుపోవడానికి వాళ్ళమ్మ జమ్మలమడుగు నుంచి వచ్చి ఉంది. నేను వాకిట్లో చెరుగుతుండగా, నాకు వినబడాలనే, ఆమె గడపలో కూర్చుని అడిగింది.

"అది ఎప్పుడు ఆగుతాంది నాయనా?"

"సంగటి పొద్దుకు" అన్నాడు అన్న.

"సంగటి ఎవరు తెస్తాండారు?"

నా చేతిలోని చేట ఆగిపోయింది. పొద్దుగూకే వేళ కూడా ఇంజను ఆగుతుంది కదా, అప్పుడు నేను ఇంట్లో పొయ్యి ముందు ఉంటాను కదా అని అనాలనుకున్నాను. అనలేదు. ఆ ఆగడాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ సాయంత్రం అన్న చెప్పాడు. నా ముఖం చూడకుండా, కాళ్ళు కడుక్కుంటూ చెప్పాడు. "పాపా, ఎండలు శానా ఎక్కువైనాయి. రేపట్నుంచి నువ్వు తోటకు రావాకు. సంగటి జీతగాడు తెస్తాడులే."

అది కార్తీకమాసం. తెల్లవారితే చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి.

వారం తిరక్కుండా వదిన కాన్పుకు పోయింది. ఆమె లేనన్నాళ్ళూ శుక్రవారం పూజలు లేవు. నేను పసుపు ముట్టేదాన్ని కాదు, అన్నకు అలవాటు లేదు. రెండు ఊదుబత్తులు వెలిగించి సరిపెట్టేవాడు. ఇంజను ఆడింది. ఒకటి రెండు సార్లు తడబడి, ఆ తర్వాత పొద్దున పట్టుకుంటే పొద్దుగూకేదాకా నిలబడకుండా ఆడింది. ఊళ్ళో అందరూ చూశారు. నేను పోవడం మానేశాను, ఇంజను ఆగడం మానేసింది. ఇంకా ఏం కావాలి? కందకు లేని దురద కత్తిపీటకు అన్నట్టు, మా తోటతో ఏ సంబంధమూ లేనివాళ్ళు కూడా నన్ను చూసి తలలు పంకించారు.

నేను కూడా నమ్మాను. మిద్దె మీద నిలబడితే తోట నుంచి ఇంజను చప్పుడు వినబడేది. అది ఆగకుండా ఆడేకొద్దీ నా మీద నాకే అసహ్యం పుట్టేది. మా ఆయనను కరిచిన పాము కూడా నా నుదుటి రాత చూసే వచ్చిందేమో అనుకున్నాను. ఇంజను బాగుండాలి, నేను దూరంగా ఉండాలి అని దేవుడికి నేనే మొక్కుకున్నాను. ఒక మనిషి చేత ఆ మొక్కు మొక్కించిన వాళ్ళను నేను ఈనాటికీ క్షమించలేదు.

చైత్రంలో వదిన బిడ్డనెత్తుకుని వచ్చింది. వచ్చిన మొదటి శుక్రవారమే ఇంజనుకు ఘనంగా పూజ చేసింది. ఇన్ని నెలలు చేయలేదు గదా అని అరచేతి మందం పసుపు మెత్తింది. ఆ మధ్యాహ్నమే ఇంజను ఆగింది.

ఇప్పుడు నేను తోటకు పోవడం లేదు. అయితే ఏం? పొద్దున్నే మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తున్న నన్ను వదిన చూసింది.

"మీ చెల్లెలు తోట పక్కకే చూస్తా నిలబడింది. కండ్లారా చూసినా" అని మొగుడితో చెప్పింది.

మిద్దె ఎక్కడం కూడా మానిపించారు. పిల్లి ఎదురొస్తే దోషం అనుకుంటాం. ఆ పిల్లిని కూడా ఎవరూ ఇంట్లో కట్టేసి గోడ వైపు తిప్పి కూర్చోబెట్టరు.

ఆ ఎండాకాలం చివరి సాళ్ళకు నీళ్ళు అందలేదు. ఇంజను ఆగినప్పుడల్లా పారే నీరు నడిమి సాళ్ళ దాకా వచ్చి ఇంకిపోయేది. ఇంట్లో కడవ ఉంది, మోసే చేతులున్నాయి, పోవడానికి కాళ్ళు లేవు. ఒకరోజు, మా అన్నను అప్పా అని పిలిచే ముసలి జీతగాడు ఎండుపుల్లల మోపు తెచ్చి పొయ్యి దగ్గర పడేశాడు. పుల్లలు విరుస్తుంటే ఆకు తొడిమలు కనబడ్డాయి. చీనీ మొక్కలు, నేను నాటినవి.

"ఇవి యాడివి?" అన్నాను.

"చివరి సాలుయి అమ్మా. ఎండిపోయినాయని అప్ప పీకేయమన్నాడు."

ఆ పూట వాటితోనే సంగటి వండాను. పొగకు కళ్ళు మండుతున్నాయని ముఖం కడుక్కుని వచ్చాను.

శ్రావణంలో అన్నా వదినా గండికి మొక్కుకు పోయారు. శ్రావణ శనివారం ఆంజనేయస్వామి దగ్గర తిరణాలంత జనం. నేను గొడ్లను చూసుకుంటూ ఇంట్లో ఉన్నాను. వాళ్ళు మొక్కు చెల్లించి వచ్చిన నాటి నుంచి ఇంజను మళ్ళీ ఆగలేదు. స్వామి మహిమ అని అన్న రచ్చ దగ్గర అందరికీ చెప్పాడు. ఇంజనుకు పట్టిన దిష్టి వదిలిందని వదిన తమలపాకులు పంచింది. దిష్టి ఎవరిదో పేరు పెట్టి చెప్పనవసరం లేదు కదా.

ఆ వారం నుంచే నాకు కొత్త పని ఒకటి వచ్చింది. ప్రతి శుక్రవారం పూజ ముగిశాక జీతగాడు ఆ ఇత్తడి మూతను గుడ్డలో చుట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. చింతపండు, బూడిద వేసి తళతళ తోమి ఇవ్వాలి. నడుమ ఆవగింజ పట్టేంత బొక్క ఒకటి ఉంటుంది. దాన్ని తుమ్మముల్లుతో పొడిచి శుభ్రం చేయాలి. ఇదంతా అన్న చెప్పి పంపిన మాట. మా అన్న జన్మలో ఒక గిన్నె తోమిన పాపాన పోలేదు కనుక, ఇత్తడి మాసిపోతే చూడ్డానికి బాగుండదని పంపుతున్నాడేమో అనుకున్నాను. గట్టిపడి సున్నంలా పట్టుకున్న పసుపును రుద్ది, బొక్క అవతల వెలుతురు కనబడేదాకా ముల్లుతో పొడిచి ఇచ్చేదాన్ని. శనివారం తెల్లవారకముందే జీతగాడు తీసుకుపోయేవాడు. నేను చూడనైనా కూడని ఇంజను మూత నా ఒళ్ళోనే ఉండేది. ఆ విడ్డూరం ఒక్కటే నాకు తోచింది, దాని వెనక సంగతి తోచలేదు.

మళ్ళీ కార్తీకం వచ్చింది. ఒక శుక్రవారం నాకు ఒళ్ళు తెలియని జ్వరం. మూత తెచ్చి పెట్టిన సంగతే నాకు తెలియదు. జీతగాడు పొద్దున్నే దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుపోయాడు. మధ్యాహ్నం జ్వరం జారి, గోడకానుకుని గంజి తాగుతున్నాను. అతను ఆయాసపడుతూ వచ్చాడు, చేతిలో మూత.

"అమ్మా, ముల్లుతో పొడవల్యా నువ్వు? ఇంజను ఆగిపోయింది."

"మూతకూ ఇంజనుకూ ఏంది సంబంధం?"

"అయ్యో, తెలీదా? పసుపు గట్టిపడి బొక్క పూడిపోతే తొట్టిలోకి గాలి పోదంట. గాలి పోకుంటే నూనె దిగదంట. మూత తీసినప్పుడు గాలి పోయి మళ్ళీ ఆడతాదంట. అప్పే కనిపెట్టినాడు." అని నా ముఖం చూసి నాలుక కరుచుకున్నాడు.

"ఎప్పుడు కనిపెట్టినాడు?"

ముసలివాడు తల దించుకున్నాడు. "నేను చెప్పినానని అనాకమ్మా. గండికి పోయే ముందర. మూత తీస్తాంటే బుస్సుమని గాలి లోపలికి పీల్చిందంట. అప్పుడు కనిపెట్టినాడు. వదినమ్మకు తెలిస్తే నొచ్చుకుంటాది, ఎవరితో అనాకు అన్నాడు."

గంజి గిన్నె పక్కన పెట్టాను. పసుపు ముట్టకూడని చేయి ఈ ఇంట్లో నా ఒక్కదానిదే. ఇంజనును ఆపింది ముత్తైదువ చేతి పసుపు. వారం వారం దాన్ని ఆడిస్తున్నది నేను. ఇది తెలిసి కూడా మా అన్న నా కళ్ళ ముందే స్వామి మహిమ అని తమలపాకులు పంచనిచ్చాడు. వదిన నొచ్చుకుంటుందట. నేను నొచ్చుకునే జాతి కాదు కాబోలు.

మూత తీసుకున్నాను. "నేనే తెస్తా పద" అన్నాను.

జ్వరం ఒళ్ళు, తలకు తడిగుడ్డ, పగటి వేళ, ఊరి నడుమ నుంచి. ఏడాది తర్వాత ఆ దారి తొక్కాను. తోటలో చివరి సాళ్ళు బోడిగా ఉన్నాయి, గుంతల గుర్తులు మాత్రం మిగిలాయి. బావి గట్టు మీద వదిన, చంకలో బిడ్డ. పక్కన వాళ్ళమ్మ, తోట చూడ్డానికి వచ్చినట్టుంది. అన్న బావిలో దిమ్మె మీద హ్యాండిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి వదిన కొంగును బిడ్డ మీదికి లాక్కుంది.

"అన్నా" అని గట్టు మీది నుంచే పిలిచాను. "ఇంజను యాంటికి ఆగిందో వీళ్ళకు చెప్పు."

అన్న ముఖం ఎత్తాడు. నా చేతిలోని మూతను చూశాడు, జీతగాణ్ణి చూశాడు. అర్థమైంది.

"మూత ఇయ్యి పాపా. నీళ్ళు పారల్ల."

"పారనీలే. ముందు చెప్పు."

చెప్పలేదు. నేను ఎంత సేపు నిలబడ్డానో నాకే గుర్తు లేదు. ఆ నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలనుకున్నాను. దబాయించినా బాగుండేది. హ్యాండిలు వైపు చూస్తూ నిలబడ్డాడు. అందుకని నేనే చెప్పాను. మూతను వదిన కళ్ళ ముందు పెట్టి, పసుపుతో పూడిన బొక్క చూపించి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను.

వదిన మూత మీది నుంచి చూపు తిప్పుకుంది. ఆమె తల్లి అంది. "ఏందమ్మే, పసుపు కుంకుమకే వంక పెడతాండావా? అందులోనూ నువ్వు?"

ఆ 'నువ్వు' అన్న మాటతో నా ఓపిక తెగిపోయింది. మూతను బావిలోకి విసిరేశాను. అది మెట్ల మీద ఖంగున మోగి నీళ్ళలో పడింది.

అన్న ఒక్క క్షణం నీళ్ళ వైపు చూశాడు. తిట్టలేదు. భుజం మీది తువ్వాలు చించి, తొట్టి నోటికి పీలిక కట్టి, హ్యాండిలు తిప్పాడు. ఇంజను పట్టుకుంది. గుడ్డలో నుంచి గాలి ఎంతైనా పోతుంది కదా, ఇంక ఆగేదేముంది? నేను గట్టు మీదే కూర్చున్నాను. సంగటి పొద్దు దాటింది, ఎండ వాలింది, ఇంజను ఆడుతూనే ఉంది. వదినా, వాళ్ళమ్మా ఎప్పుడు వెళ్ళారో నేను చూడలేదు.

మర్నాడు సంగటి గంప నేనే ఎత్తుకున్నాను. పొమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. వదిన ఆ తర్వాత పూజను మూత నుంచి ఇంజను చక్రానికి మార్చుకుంది. స్వామి మహిమ కథను అన్న మాత్రం మార్చలేదు, బతికినన్నాళ్ళూ అలాగే చెప్పాడు. చివరి సాళ్ళలో మళ్ళీ మొక్కలు నాటాను, కాపు కూడా చూశాను. మా తోటకు కరెంటు మోటారు వచ్చేదాకా ఆ పడవ ఇంజను గుడ్డ మూతతోనే ఆడింది.

ఒక్కటి మాత్రం చెప్పి ముగిస్తాను. ఆ గాలి బుస్సుమనడం విన్నది మా అన్న. బొక్క సంగతి కనిపెట్టింది మా అన్న. ఇంజను ఎందుకు ఆగేదో ఆ ఊళ్ళో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయినా నేను గంప దించి, బావిలోకి తొంగి చూసి "అన్నా, సంగటి" అని పిలిచినప్పుడల్లా అతను ముందు నా వైపు చూసేవాడు కాదు. ఇంజను వైపు చూసేవాడు. అది ఆడుతూనే ఉందని తెలుసుకున్నాకే మెట్లెక్కి వచ్చి చేయి కడుక్కునేవాడు.